గొర్రెలను లెక్కపెట్టిన ఆఫీసరు

కుళ్లాయప్ప అనే మనిషి లేడు. ముందే చెప్పేస్తున్నాను. ఈ మాట చెప్పాల్సిన చోట ఆరు నెలలు చెప్పలేదు.

వాడిని పోయిన జూలైలో నేనే పుట్టించాను. మా చెల్లెలు తిరుపాలమ్మ దొడ్డిలో గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్న రోజది. ఆ పనిలో చేతులకు తీరిక ఉండదు, చెవులకు ఉంటుంది. అందుకే మా ఊళ్లో బొచ్చు కత్తిరించే ప్రతి ఇంటికీ నన్ను పిలుస్తారు. మాట వరసకు ఒక కత్తెర కూడా చేతికిస్తారు.

తిరుపాలమ్మ కూతురు జయంతి ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. పిల్ల చదువుకున్నది. తాడిపత్రి పక్క ఒక ఫ్యాక్టరీ ల్యాబులో మంచి జీతానికి ఉండేది. దానికి ముందటేడు ఆగస్టులో తల్లి కాలు విరిగితే ఆ పని మానుకొని వచ్చింది. రెండు నెలలు తల్లికి మంచం దగ్గరే అన్నీ చేసి, తర్వాత హిందూపురం దగ్గర ఇంకో కంపెనీలో చేరింది. జీతం తక్కువ, ఊరు దగ్గర.

"పాతవాళ్లు ఏడాదంతా అదే జీతం వస్తాదని లెక్కేసి, నెలనెలా ట్యాక్సు పట్టుకున్నారు మామా," అంది ఒక గొర్రె కాళ్లు అదిమిపట్టి. "నేను మధ్యలో మానేస్తిని. రెండు జీతాలూ కలిపినా ట్యాక్సు పడేంత లేదు. రెండు కంపెనీల ఫారాలూ పెట్టి రిటర్ను వేస్తే, పట్టుకున్న ఇరవై రెండు వేలూ వాపసు వస్తాయి."

"ఇచ్చిన దుడ్లు గవర్నమెంటు వాపసు ఇస్తాదా?" అంది తిరుపాలమ్మ.

అక్కడ నేను నోరు మూసుకొని ఉండాల్సింది.

"ఎందుకియ్యదు?" అన్నాను. "ఇచ్చేముందు ఇల్లు చూసి పోతారు, అంతే. మడకశిర పక్క మన కుళ్లాయప్ప లేడా? వాని కొడుకు ఇట్లే వాపసు అడిగినాడు. వారం తిరక్కుండా జీపులో ఆఫీసరు దిగినాడు. సరాసరి దొడ్డి కాడికి పోయి, వేలు పెట్టి గట్టిగా ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టినాడు."

దొడ్డిలో కత్తెరలు ఆగిపోయాయి.

బయటివాళ్లకు ఇందులో ఏముందో తెలియదు. మా ఇళ్లల్లో గొర్రెలను నోటితో లెక్కపెట్టరు. సాయంత్రం మంద దొడ్డిలోకి వస్తుంటే మొహాలు చూస్తాం. ఏది రాలేదో మొహాన్నిబట్టే తెలిసిపోతుంది. అంకె బయటికి అంటే మందకు కీడని మా నాయన నమ్మాడు, నేనూ నమ్ముతాను.

"ఆయన వేలు పెట్టింది పెట్టినట్టే కూలబడినాయి," అని సాగించాను. "నలభై అయినాక లెక్క తప్పి ఆఫీసరు తననే లెక్కేసుకున్నాడు. మూడు నెలలు మంచం దిగితే ఒట్టు."

అందరూ పడీపడీ నవ్వారు. తిరుపాలమ్మ నవ్వలేదు. అది నేను చూశాను. చూసి కూడా, ఆఫీసరు బూట్ల గురించి ఇంకో రెండు ముక్కలు కలిపాను.

ఆ సాయంత్రమే ఆమె జయంతి చెయ్యి తన తలమీద పెట్టించుకుంది. రిటర్ను వేయనని ఒట్టు వేయించుకుంది. జయంతి కాగితాలన్నింటిలో ఉన్నది ఈ ఊరి అడ్రసే మరి.

జరిమానా లేకుండా రిటర్ను వేసే గడువు సెప్టెంబరులో దాటింది. ఆ సంగతి తెలిసినప్పుడైనా పోయి చెప్పాల్సింది. అప్పటికే నా కథ కదిరి సంతకు పోయి, పెద్దదై తిరిగొచ్చింది. కుళ్లాయప్ప దొడ్డి చూసి వచ్చామనేవాళ్లు ఇద్దరు తయారయ్యారు. ఇంత మంది మెచ్చినదాన్ని అబద్ధమని ఎట్లా అనేది? మనసులో ముల్లు కదులుతూనే ఉంది, మీసం మాత్రం దువ్వుకుంటూ తిరిగాను.

డిసెంబరు ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం జయంతి ఫోన్ చేసింది.

"మామా, ఈ రోజు దాటితే ఇంక వేసేకి లేదు. ఇప్పుడేస్తే ఐదు వేలు జరిమానా పట్టుకుంటారు, పదిహేడన్నా వస్తాయి. రేపు పొద్దున అమ్మ మందను ఎక్కించుకునేకి వ్యాపారి వస్తాండాడు, తెలుసా నీకు?"

తెలియదు. వానల్లేక ఆ ఏడు మేత లేదని తెలుసు, అంత దూరం వచ్చిందని తెలియదు.

"మేతకు ఒక ట్రాక్టరు చెనిక్కాయ కట్టె దింపితే గొర్రెలు వేసవి దాకా గట్టెక్కుతాయి. ఫిబ్రవరిలో దుడ్లిస్తానంటే దింపుతానంటాడు కట్టె అమ్మే ఆయప్ప. ఆ దుడ్లు వస్తాయనే ధైర్యముంటేనే కదా నేను మాటిచ్చేది? ఒట్టు వేయించుకున్నది అమ్మ. అమ్మే తీసెయ్యాల. నీ కథ నువ్వే పోయి చెప్పు మామా."

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. తిరుపాలమ్మ గడప మీద కూర్చుని, విరిగి అతికిన కాలు చాపుకొని ఉంది.

"తిరుపాలూ, కుళ్లాయప్ప లేడు."

"అయ్యో. ఎప్పుడు పోయినాడు?"

"పోలేదు. పుట్టనే లేదు. ఆఫీసరూ లేడు, జీపూ లేదు. అంతా నేను కల్పించిందే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "జయంతి నేర్పించి పంపిందా? నిజం చెప్పేటప్పుడు మొహం అట్ల పెట్టుకుంటే ఎవురు నమ్ముతారన్నా? ఆ పొద్దు ఎంత చక్కగా చెప్పినావు."

"ఎవరూ రారు తిరుపాలూ. ఆ పిల్ల దుడ్లు ఆ పిల్లకు బ్యాంకులో పడతాయి. ఎవరూ లెక్కపెట్టరు."

"రేపు వ్యాపారి తోలుకొని పోతాడు. వాడు యాడనో పోయి లెక్కపెట్టుకుంటాడు. నా దొడ్డిలో నా కండ్ల ముందర మాత్రం వద్దు."

ఇంక మాటలతో పని కాదనిపించింది. డెబ్బై ఏళ్లలో మొదటిసారి. పక్కనే ఉన్న నా దొడ్డి దగ్గరికి పోయాను. నా గొర్రెలు పన్నెండో పదమూడో, నాకూ తెలియదు, అంకె ఎప్పుడూ అనుకోలేదు. తడక పక్కకు లాగి, ఆమెకు వినపడేలా, ముందున్న పొట్టేలు మీద వేలు పెట్టాను.

"ఒకటి."

"అన్నా, ఏం పని అది?"

"రెండు."

మూడు, నాలుగు అన్నాను. ఐదు అన్నప్పుడు వేలు మా బొల్లిదాని మీద ఉంది, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె. అది నన్నే చూస్తూ నెమరేస్తోంది. ఆరు అనేలోపు తిరుపాలమ్మ కుంటుకుంటూ వచ్చి నా నోరు చేత్తో మూసేసింది.

"సాలు," అంది. "అబద్ధానికైతే నువ్వు ఈ పని చెయ్యవు."

అక్కడే నా ఫోన్ తీసుకొని కూతురితో మాట్లాడింది. "నేనేయించుకున్న ఒట్టు నేనే తీసేసినా. ఆ కాగితమేందో ఏసెయ్." పొద్దు గుంకేలోపే జయంతి రిటర్ను వేసింది. మర్నాడు వ్యాపారి బండి ఖాళీగా తిరిగిపోయింది. మూడో నాటికి కట్టె దిగింది. ఫిబ్రవరిలో పదిహేడు వేలూ పడ్డాయి.

జరిమానా ఐదు వేలు నేనిస్తానన్నాను. "ఇన్నేళ్లు ఊరికే కథలు చెప్పించుకుంటిమి కదా మామా, కూలి కింద పొయినాయనుకో," అంది జయంతి. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు హాయిగా లేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. నేను లెక్కపెట్టిన తొమ్మిదో రోజు బొల్లిది చనిపోయింది. దానికి పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి, వయసైపోయింది. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తెల్లారకముందే వంక గట్టున పూడ్చాను.

రెండు రోజులకు తిరుపాలమ్మ గోడ మీదుగా అడిగింది. "అన్నా, బొల్లిది కనపడదే?"

"సంతలో అమ్మినా."

"ఎవురికి?"

ఇదివరకైతే కొన్నవాడికి ఊరు, పేరు, మెలి తిరిగిన మీసం అన్నీ క్షణంలో వచ్చేవి. వాడు గొర్రెను భుజాన వేసుకొని కొండ దిగేవాడు.

"ఎవురో," అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసింది. ఎంతకని అడగకుండా లోపలికి పోయింది.