తొమ్మిదో తారీఖు కొనుగోలు

స్టోరమ్మకు ముక్కు మీద కోపం. ఆస్పత్రిలో దుప్పట్లూ దిండు గలీబులూ ఉండే స్టోరు ఆవిడ చేతి కింద ఉంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పదిహేడేళ్ళుగా అక్కడ పోయి దొరకని వస్తువంటూ లేదు. ఏదైనా తగ్గితే ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: తాళంచెవి ఎవరికిచ్చాం? ఆ ఒక్క ప్రశ్నతో ఎందరో ఆయాల చేత కన్నీళ్ళు పెట్టించింది. అందులో సగం మందిని న్యాయంగానే ఏడిపించింది. మిగతా సగం సంగతి ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

అంత లెక్క తెలిసిన మనిషి, బ్యాంకు వాళ్ళు నెలనెలా పంపే కవర్లను మాత్రం చింపకుండా ఫ్రిజ్ మీద పడేసేది. జీతం వస్తోంది, బిల్లులు కడుతున్నాం, ఇంక చూసేదేముంది అనుకునేది. ఒక ఆదివారం ఉదయం ఫ్రిజ్ తుడుస్తూ, అడ్డంగా ఉన్నాయని మూడు కవర్లూ ఒకేసారి చింపింది. మూడింటిలోనూ తొమ్మిదో తారీఖున ఆన్‌లైన్ షాపింగ్ అని ఒక వరుస ఉంది. పక్కన పి.ఎల్.డబ్ల్యు. రిటైల్ అని ఊరూ పేరూ తెలియని ఓ కంపెనీ, దాని కింద ఫోన్ నంబరు. మూడుసార్లూ ఒకే మొత్తం. ఆవిడ ఆన్‌లైన్లో గుండుసూది కూడా కొని ఎరగదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

తాళంచెవి ఎవరికిచ్చాం? బుల్లికి. బుల్లి ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నదైన చెల్లెలు. తల్లి పోయిన నాటి నుంచీ ఈవిడే పెంచింది. ల్యాబ్ టెక్నీషియన్ పరీక్షకు చదువుకుంటూ ఏడాదిగా వీళ్ళ ముందుగదిలోనే ఉంటోంది. పరీక్ష ఫీజు కట్టడానికి ఒక మధ్యాహ్నం అక్క కార్డు తీసుకుంది. మొదటి తొమ్మిదో తారీఖు దానికి సరిగ్గా రెండు రోజుల తర్వాత వచ్చింది. స్టోరమ్మకు ఇంకేం కావాలి?

అడగను కూడా అడగలేదు. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి, డ్యూటీ దిగే ఆయాల సంచులు బోర్లించినట్టు, బుల్లి బ్యాగు మంచం మీద బోర్లించింది. రెండు పెన్నులు, దువ్వెన, బస్సు టికెట్లు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు పడ్డాయి. స్నానం చేసి వచ్చిన బుల్లి తడి జుట్టుతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆ కాగితాలు దాని మొహం ముందు ఆడించి, ఏం కొన్నావు, ఎక్కడ దాచావు, ఎవరికిచ్చావు అని స్టోరమ్మ ఇంతెత్తున లేచింది. బుల్లి కాగితాలు అందుకుని మూడూ చదివింది.

"నేనేం కొనలేదక్కా. ఇక్కడ ఫోన్ నంబరుంది కదా, చేసి కనుక్కుందాం."

"దొంగ దొరికాక కంపెనీ వాడితో నాకేం పని?"

ఆ మాట నోరు జారిందా అంటే లేదు. కావాలనే అంది. అప్పుడే స్టోరమ్మ భర్త లోపలికొచ్చాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఆరు నెలలుగా ఇంట్లో కూడా టోపీ తియ్యని మనిషి. కాగితాల వంక ఒకసారి చూసి, గబగబా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఫోన్లూ గీన్లూ ఎందుకులే. చిన్నపిల్ల, ఏదో సరదాపడి కొనుక్కుంది. పోనీలే, క్షమించెయ్యి."

బుల్లి బావ వైపు చాలాసేపు చూసింది. మధ్యాహ్నానికల్లా బట్టలు సర్దుకుని స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. పెట్టె బరువుగా ఉందని బస్టాపు దాకా మాస్టారే మోశాడు. ఆ తర్వాత మూడు వారాలు స్టోరమ్మ ఆస్పత్రిలో కనిపించిన వాళ్ళందరితోనూ, మా ఆయనది వెన్నలాంటి మనసు, నేనే రాక్షసిని అని చెప్పుకు తిరిగింది. బుల్లి ఫోన్ చెయ్యలేదు. చేస్తే గదా తను కాస్త మెత్తబడేది అని కూడా విసుక్కుంది.

నాలుగో కవరు వచ్చిన రోజే చింపింది. మళ్ళీ తొమ్మిదో తారీఖు. మళ్ళీ అదే పేరు. చెల్లెలు ఇంట్లో లేదు, కార్డు తన పర్సులోనే ఉంది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్ళింది. కౌంటర్లోని అమ్మాయి చిరునవ్వుతో, స్టేట్‌మెంట్ మీద పడేది కంపెనీ రిజిస్టరు పేరనీ, దుకాణం పేరు వేరే ఉంటుందనీ, ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి చూడమనీ చెప్పింది. బుల్లి చెప్పిందీ అదే. స్టోరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. ఆర్డరు పెట్టిన ఫోన్ నంబరు చెప్పమన్నారు. తన నంబరు చెప్పింది, లేదన్నారు. తర్వాత బుల్లి నంబరు చెప్పింది, అదీ కాదన్నారు. ఇంక తెలిసిన నంబరు ఒక్కటే మిగిలింది. అది చెప్పగానే అవతలి గొంతు తియ్యగా చదివి వినిపించింది. జుట్టు మొలిపించే తైలం, నెలకో సీసా. మొదటిది ఉచితం, కార్డు వివరాలిస్తే చాలు. తర్వాత ఆపమనే దాకా వస్తూనే ఉంటుంది. పంపే చిరునామా డ్రైవింగ్ స్కూలు.

పోయినేడాది కరెంటు బిల్లు కట్టడానికి తన కార్డును ఆయన ఫోన్లో ఎక్కించింది తనే. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పదిహేడేళ్ళ స్టోరు బుద్ధికి మొగుడు లెక్కలోకే రాలేదు.

స్టోరమ్మ డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళేసరికి మాస్టారు ఇద్దరు కొత్తవాళ్ళకు గోడ మీద బొమ్మ చూపించి క్లచ్ గురించి చెబుతున్నాడు. ఆవిడ ఎవరినీ పలకరించకుండా ఆయన బల్ల సొరుగు లాగింది. వరసగా ఐదు సీసాలు. నాలుగింటికి సీలు కూడా తియ్యలేదు. మాస్టారి చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. ఉచితం అన్నారని ఆశపడ్డాననీ, ఎలా ఆపాలో తెలియలేదనీ గొణిగాడు. ఆ ఆదివారం చెబుదామనే అనుకున్నాడట. ఈ వయసులో జుట్టు కోసం పాకులాడుతున్నానని నవ్వుతుందేమోనని ఊరుకున్నాడట.

"నవ్వేదాన్నే. ఒక పూట నవ్వి ఊరుకునేదాన్ని," అంది స్టోరమ్మ. గొంతు పెంచలేదు, అందుకే మాస్టారు మరీ భయపడ్డాడు. "మీరు కొన్నారు, సరే. దాచారు, అదీ సరే. కానీ తప్పు మీదై ఉండి దాన్ని క్షమించమన్నారు చూడండి, అది నేను చచ్చేదాకా మర్చిపోను."

కొత్తవాళ్ళిద్దరూ క్లచ్ బొమ్మ వంక కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నారు.

స్కూలు కారులోనే ఇద్దరూ బుల్లి దగ్గరికి బయల్దేరారు. నేర్పే మనిషి కోసం పక్క సీటు కింద కూడా బ్రేకు ఉండే కారది. స్టోరమ్మ ఆ సీట్లో కూర్చుని, కోపం వచ్చినప్పుడల్లా దాన్ని తొక్కింది. నాలుగుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయారు. వెనక వాళ్ళు హారన్లు కొట్టి తిడుతుంటే, ఆ తిట్లన్నీ ఆయనకే తగలాలని మనసారా కోరుకుంది. ఈ మనిషి అడ్డం రాకపోతే ఆరోజే ఫోన్ చేసేదాన్ని కదా అని దారంతా తనకు తానే చెప్పుకుంది.

బుల్లి ఉండే గది మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసిన బుల్లి ఒంటి మీద రక్తపరీక్షల కేంద్రం పేరున్న తెల్ల కోటు చూశాక గాని, దానికి అక్కడ ఉద్యోగం దొరికిందని స్టోరమ్మకు తెలియలేదు. మాస్టారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాడు. నాలుగు వెంట్రుకలున్న ఆ తల చూసి బుల్లి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆయన చెప్పడం అయ్యాక స్టోరమ్మ అందుకుంది.

"విన్నావుగా. తప్పంతా ఈయనదే. పెట్టె సర్దుకో, ఇంటికి పోదాం."

"బావ సంగతి వదిలెయ్యక్కా. పరువు పోతుందని దాక్కున్నాడు. నేనెలాంటి దాన్నో ఆయనకేం తెలుసు, ఆయన పెంచాడా నన్ను?" బుల్లి అక్క కళ్ళలోకి చూసింది. "నువ్వు పెంచావు. దొంగని పెంచానని ఒక్క నిమిషంలో ఎలా నమ్మగలిగావు?"

స్టోరమ్మ నోరు తెరిచింది. ఆయాలకు చెప్పే మాటలన్నీ, మొగుణ్ణి కడిగి పారేసిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి గాని, దీనికి సరిపోయేది అందులో ఒక్కటీ లేదు. బుల్లి జవాబు కోసం నిజంగానే ఆగింది. ఎంతసేపటికీ రాకపోయేసరికి, పొద్దున్నే డ్యూటీ ఉందని చెప్పి తలుపు వేసుకుంది.