చేతికుట్టు

బొగ్నా తల్లి పోయింది మంగళవారం మధ్యాహ్నం, ఒల్ష్టిన్ ఊరి ఆసుపత్రిలో. బొగ్నా మంచం పక్కనే కూర్చుని కోటు కుడుతోంది. "ఆ సూది పక్కన పెట్టి ఇలా దగ్గరికి జరుగు తల్లీ" అంది అమ్మ. "ఈ ఒక్క వరస అవనీ అమ్మా" అంది బొగ్నా. వరస పూర్తిచేసి, దారం తెంపి తలెత్తేసరికి అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

కోటు భర్త జెమోవిత్‌ది. ఇనప కవచం కింద తొడుక్కునే దళసరి దూది కోటు. ఏటా జూలైలో గ్రున్వాల్ద్ మైదానంలో ఆరువందల ఏళ్ళనాటి యుద్ధాన్ని వేషాలు కట్టి మళ్ళీ ఆడతారు. అందులో అతను వీరుడు. ఆ కాలంలో లేని మిషను కుట్టు కనబడితే అతని దళం మైదానంలోకి రానివ్వదు. శుక్రవారం సాయంత్రం శిబిరం గుమ్మంలో ఒక పెద్దాయన అంచులు తిరగేసి మరీ చూస్తాడు. అందుకని పదకొండేళ్ళుగా బొగ్నా చేత్తోనే కుడుతోంది. శిబిరంలో పదమూడు మందికి వంటా ఆమెదే. ఒకసారి పులుసులో బంగాళాదుంపలు వేసింది. "ఆ కాలంలో ఇవెక్కడివి? బళ్ళో చరిత్ర చెప్పేది ఈవిడేనండోయ్!" అన్నాడు జెమోవిత్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తన నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బుధవారం ఒల్ష్టిన్ చర్చి ఫాదర్ ఫోన్ చేసి, ఖననం శనివారం పదకొండింటికి పెట్టుకుందామా అని అడిగారు. యుద్ధమూ శనివారమే.

"సోమవారానికి మార్చమను" అన్నాడు జెమోవిత్, శిరస్త్రాణం తుప్పు రుద్దుతూ. "యుద్ధాన్ని మార్చలేం కదా."

"అదెప్పుడో అయిపోయిన యుద్ధం, జెమో."

"చూడ్డానికి వేలమంది వస్తారు. మీ అమ్మ దగ్గరికి వచ్చేది నలుగురేగా."

వంటింట్లోంచి అత్తగారు లెవొకాదియా అందుకుంది. "వాడు ఏడాదంతా దానికోసమే బతుకుతాడే. ఆవిడకింక తొందరేముంది? కాలరు మిగిలే ఉందటగా, ముందది చూడు."

గురువారం పొద్దున బొగ్నా కాలరు పట్టుకు కూర్చుంది. కుట్టకపోతే అతన్ని గుమ్మంలోనే ఆపేస్తారు. నిరుడు కవచం పట్టీ వదులైందని మూడువారాలు మాట్లాడలేదు, ఈసారి ఎన్నాళ్ళో. సోమవారమంటే ఏమవుతుంది, రెండురోజులేగా అనుకుంది. నాలుగు కుట్లు వేసేసరికి తల దానంతటదే లేచింది. కిటికీ చూసింది, కుర్చీ మీద పడుకున్న పిల్లి పొట్ట కదులుతోందో లేదో చూసింది. మళ్ళీ నాలుగు కుట్లు, మళ్ళీ తల లేచింది. తను వంగి ఉన్నప్పుడే ఎవరో పోతారని భయం. ఇంక ఈ జన్మలో తను తల వంచుకుని నిశ్చింతగా ఒక్క వరస కూడా కుట్టలేనని ఆమెకు అర్థమైంది. అమ్మ అడిగింది కాస్త దగ్గరికి జరగమనే. అంతకన్న ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఫోన్ తీసింది. "శనివారమే, ఫాదర్."

కోటు మడిచి కవచం పెట్టె మీద పెట్టింది. జెమోవిత్ లేచి నిలబడ్డాడు. "మరి కాలరు?"

"సూది అందులోనే గుచ్చాను."

"నాకు కుట్టడం వచ్చా?"

"మొదట్లో నాకూ రాదు."

శుక్రవారం పొద్దున ఆమె ఒల్ష్టిన్ బస్సెక్కింది. కాలరు ఇంకా జానెడు కుట్టాలి.