కింద, ఎడమవైపు

బావ గురిచూసి కాల్చి పారేసిన టార్గెట్ పేపర్లను ఆమె ఇంటికి మోసుకెళుతోందని షూటింగ్ క్లబ్బులో ఎవరికీ తెలియదు. చూసినా పట్టించుకునేవారు కాదు. కాగితం విషయంలో ఆమె పీనాసితనం అక్కడ అందరికీ నవ్వులాట. ఒక పేపర్ ముందువైపు అయిపోతే తిప్పి, తెల్లటి వెనకవైపు కాల్చేది. చిల్లుల మీద గుండ్రటి స్టిక్కర్లు అంటించి మళ్ళీ తగిలించేది. నాలుగు మూలలా నాలుగు చిన్న నల్లచుక్కలు అతికించి ఒక కాగితం చేత అయిదు కాగితాల చాకిరీ చేయించేది.

"ఆ పేపర్‌కి నోరుంటే నీ కాళ్ళ మీద పడి వదిలెయ్యమనేది," అనేవాడు పక్క వరసలో కాల్చే లాయరు.

అది పొదుపు కాదు. పేపర్ అబద్ధమాడదని ఆమెకు నేర్పింది బావే. అక్క మొగుడు, ఆ క్లబ్బుకి కోచ్. "గుండ్లన్నీ కింద ఎడమవైపు గుంపుగా పడ్డాయా, కుడిచేతివాడు ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కలేదు, విసురుగా లాగాడన్నమాట. నలువైపులా చెల్లాచెదురుగా పడ్డాయా, చెయ్యి వణికింది. మొదటిది అలవాటు, మందలిస్తే పోతుంది. రెండోది నరం, మందేసినా పోదు." మొదటిరోజు చెప్పిన పాఠం అది. పేపర్ అబద్ధమాడదు. చదివేవాడు ఆడగలడని మాత్రం చెప్పలేదు.

అయిదేళ్ళ కిందట రాష్ట్ర జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికోసం ఆమె, బావ చెల్లెలు సమానంగా నిలిచారు. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. పోటీ అయ్యాక పేపర్లను తీగకి క్లిప్పులతో వేలాడదీస్తారు. గెలిచినవాళ్ళు మిగతావాళ్ళ పేపర్లను అందరి ముందూ చదువుతారు, ఎవరి తప్పేమిటో చెబుతారు. సగం పాఠం, సగం పరాచికం. ఆ ఏడు గెలిచింది బావ. ఆమె పేపర్ తీసి వెలుతురుకి ఎత్తిపట్టాడు. చిల్లులన్నీ కింద ఎడమవైపు, పిడికెడు గింజలు ఒక్కచోట పోసినట్టున్నాయి.

"మా మరదలికి చెయ్యి వణుకుతోందండీ," అన్నాడు నవ్వుతూ. "మనసు బంగారం. చెయ్యే మాట వినదు."

దూరంగా కూర్చున్న ఎంపిక కమిటీకి చిల్లులు కనబడలేదు. కోచ్ మాట వినబడింది. బావ చెల్లెలు జట్టుతో పాటు వేరే ఊళ్ళో హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఆమెకి 'వణుకు' అనే పేరు మిగిలింది.

"ఏం వణుకూ, కాఫీ ఒలక్కుండా తేగలవా?" అనేవాడు బావ, ఇంటికెళ్ళినప్పుడల్లా. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె బతుకుతెరువు కట్టుడు పళ్ళ తయారీ. మైనంలో పన్ను చెక్కాలంటే వెంట్రుక తేడా రాకూడదు. ఆ పేరు ఎలా పాకిందో గాని, ఒక పళ్ళ డాక్టరు సన్నపని ఆమెకు పంపడం మానేశాడు. కారణం చెప్పలేదు. ఒకసారి మాత్రం మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె వేళ్ళవంక చూశాడు.

మరిచిపొమ్మన్నారు అందరూ. ప్రయత్నించింది. కోపం పోయిన రోజున పిస్టల్ ఉత్త ఇనుపముక్క అయిపోయింది, ఎత్తబుద్ధి కాలేదు. అందుకని కోపాన్ని ఉంచుకుంది. ఇంట్లో కుక్కని ఉంచుకున్నట్టు, వేళకి తిండి పెట్టి, హద్దు నేర్పింది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టి కావాలనే బావ నవ్వుని తలుచుకునేది. కాల్చిన మరుక్షణం, పేపర్ చూడకముందే, గుండు ఎక్కడ తగిలిందో తనకు తాను చెప్పుకునేది. మొదట్లో నవ్వు వినబడ్డ ప్రతిసారీ చిల్లు కింద ఎడమవైపే. ఆ చిల్లు మీద స్టిక్కరు అంటించి మళ్ళీ నవ్వుని పిలిచేది. కోపాన్ని మోచేతి దాకా రానిచ్చి అక్కడ ఆపడం ఎలాగో ఆ కాగితాలే నేర్పాయి. చివరికి బావ ఎంత పగలబడి నవ్వినా గుండు నల్లచుక్క నడుమనే పడసాగింది.

అప్పుడు ఆమె దృష్టి అతని పేపర్ల మీద పడింది. శత్రువుని చదవాలిగా మరి. చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చి, వంటింటి కిటికీ అద్దానికి అంటించి, ఒక్కొక్కటే చూసింది. చిల్లులు నిలువుగా పడుతున్నాయి. పైకీ కిందికీ, నిచ్చెన మెట్లలా. పక్కకి ఒక్కటీ పోవడం లేదు. చెయ్యి స్థిరంగానే ఉంది. పిస్టల్ కొసనున్న ముందు సైట్, అంటే గురి కుదుర్చుకునే మొన, మసకబారితే తప్ప అలా పడవు. బావకి కన్ను పోతోంది. దాచుకుంటున్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని ఆ కిటికీ ముందే కూర్చుండిపోయింది. ఒంటరి మనిషికి శత్రువు రహస్యం దొరకడమంటే ఇంట్లోకి తోడు వచ్చినట్టే.

ఆ రహస్యాన్ని బయటపెట్టడానికి ఒకటే మార్గం. గెలవాలి. గెలిస్తే చదివే హక్కు వస్తుంది. వార్షిక పోటీలో ఆమె గెలిచింది.

"వణుకు గెలిచిందండోయ్," అన్నాడు బావ. అందరూ నవ్వారు. ముందు వరసలో అక్క కూడా.

ఆమె లాయరు పేపర్ చదివింది. "వాయిదాలకి అలవాటుపడ్డ చెయ్యి, ఆఖరి గుండు దాకా గురి కుదరలేదు," అంది. మళ్ళీ నవ్వులు. ఇంకో ఇద్దరివి చదివి, బావ పేపర్ ముందు ఆగింది.

"ఇది వణుకు కాదు. వణుకంటే ఎలా ఉంటుందో బావే నాకు నేర్పాడు. లాగడమూ కాదు. చెయ్యి రాయిలా ఉంది. కన్నే పోతోంది. ముందు సైట్ ఈయనకి కనబడటం లేదు. ఈ ఒక్కరోజు సంగతి కాదు, చాలాకాలంగా ఇంతే. కనబడని మనిషి మనకి గురి నేర్పుతున్నాడు."

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఏళ్ళ తరబడి ఆమె ఊహించుకున్న నిశ్శబ్దం అదే. కాని అది నిలవలేదు.

"సమయానికి పట్టుకున్నావమ్మా," అంటూ ప్రెసిడెంటు లేచాడు. "రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మా తమ్ముడు ఇలాగే దాచుకుని రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు."

అక్క వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పెళ్ళాన్నయ్యుండి నేను కనిపెట్టలేకపోయానే. ఎంత ప్రేమ లేకపోతే ఇంత గమనిస్తావు?"

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ కలిశారు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పినా వినయం అనుకుంటారని అర్థమై మూసుకుంది. బావ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆమె ముఖానికి కాస్త పక్కగా చూస్తూ, "బాగా చదివావు మరదలా," అన్నాడు. ఆమె పగని పగగా అందుకున్నవాడు ఆ హాలు మొత్తంలో అతనొక్కడే.

మర్నాడు ఆసుపత్రికి కారు ఆమే నడపాల్సి వచ్చింది. బావ పక్కన కూర్చున్నాడు, అక్క వెనక సీట్లో. ఆమె తాళం తిప్పలేదు.

"ఒక మాట చెప్పండి బావా. ఆ రోజు నా పేపర్ మీద ఏముంది?"

"మళ్ళీ అదా?"

"అదే."

"లాగావు. వణకలేదు. చాలా?"

"చాలదు. అక్కకి వినబడేలా చెప్పండి."

అతను వెనక్కి తిరగలేదు. "దానికి కొత్తగా చెప్పేదేముంది?"

"పోనివ్వవే, ఆలస్యమవుతోంది," అంది అక్క. గొంతులో తొందర కంటే బెదురు ఎక్కువగా ఉంది.

ఆమె అద్దంలోకి చూసింది. "నీకు తెలుసా?"

అక్క చేతిసంచి జిప్పు తెరిచి మళ్ళీ మూసింది. "నేనే అలా చెప్పమన్నాను," అంది. "మా ఆడపడుచు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు ఊపిరాడేది కాదే. గిన్నె ఎక్కడ పెట్టినా తప్పే, ఎందుకు నవ్వినా తప్పే. ఈయనతో మాట్లాడుతుంటే వచ్చి మధ్యలో కూర్చునేది. జట్టులో చేరితే హాస్టల్‌కి పోతుంది కదా అనుకున్నా. నువ్వు నా చెల్లెలివి, సర్దుకుంటావనుకున్నా."

"మరి వణుకు అంటుంటే నవ్వేదానివి?"

"అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే ఏడుస్తూ కూర్చోనా? మీ బావ వద్దనే అన్నాడు మొదట. పాపం ఆయన్నేమీ అనకు."

బావ కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళూ మనసులో ఎదురుగా నిలబెట్టి కాల్చిన మనిషి వంక ఆమె చూసింది. అతని మీద కోపం పోయింది. పోయి ఊరుకోలేదు. అద్దంలో కనబడుతున్న అక్క మీదికి వెళ్ళింది. కొత్త చోట దానికి ఇబ్బందేమీ కలగలేదు. హద్దులు తెలిసిన కోపం అది, మోచేతి దగ్గరే ఆగింది.

ఆమె కారు స్టార్ట్ చేసింది. వీధి మలుపు దాటాక మామూలు గొంతుతో అంది.

"ఆపరేషన్ అవసరమన్నారంటే నెలల తరబడి మందులు వెయ్యాలి. నువ్వొక్కదానివే ఏం చేసుకుంటావక్కా? మీ ఇంటికి వచ్చెయ్యనా? మీ ఆడపడుచు గది ఖాళీగానే ఉందిగా."

బావ కళ్ళు తెరిచి ఆమె వైపు తిరిగాడు.

"అడగాలా పిచ్చిదానా," అంది అక్క, గుండెలమీంచి బరువు దిగిపోయినట్టు. "ఎన్నాళ్ళయినా ఉండు."