గంట కొట్టినవాడు

మ్యూరియల్ గాట్స్‌కి నోరు ఊరుకోదు. ఆ సంగతి మా ఊళ్లో ఆమెకి తప్ప అందరికీ తెలుసు. సంత వీధిలోని ఆమె టీ దుకాణానికి జనం వచ్చేది టీ కోసం కాదు, కబుర్ల కోసం. ఆ వేసవిలో టీవీ వాళ్లు ఇంగ్లండులోని మా నార్ఫోక్ మూలకి షూటింగ్‌కి వచ్చారు. వానకి పని ఆగిపోయిన ఓ మధ్యాహ్నం, వాళ్లకి కథ రాసే ఆయన తడిసిన కోటుతో వచ్చి ఆమె దుకాణంలోనే కూర్చున్నాడు. ఇంకేముంది!

వాళ్లు తీసేది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊరికి కాపలా కాసిన ముసలాళ్ల దళం మీద టీవీలో వారం వారం వచ్చే హాస్య నాటకం. శుక్రవారం సాయంత్రం అది వచ్చే వేళకి వీధిలో పురుగు కూడా కనిపించేది కాదు.

"మా నాన్న కథ వింటే మీరు పడీ పడీ నవ్వుతారు," అని మొదలుపెట్టిందట మ్యూరియల్.

అప్పట్లో చర్చి గంటలు కొట్టకూడదని ఆజ్ఞ. జర్మన్లు దిగితేనే కొట్టాలి. వాళ్ల నాన్న ఎఫ్రాయిమ్ గోపురం మీద కాపలా ఉన్న రాత్రి, మసక వెన్నెల్లో దూరంగా తెల్లగా ఏవో ఉబ్బుతూ కనిపించాయి. పారాచూట్లనుకుని గంట తాడు పట్టుకుని ఊరు అదిరేలా కొట్టాడు. తీరా చూస్తే అవి పాదిరిగారి పనామె తీగ మీంచి తీయడం మరిచిపోయిన దుప్పట్లు. ఈలోగా ఊరంతా పడక బట్టల్లోనే పారలు పట్టుకుని రోడ్డెక్కింది. రొట్టెలు కాల్చే పెర్సీ, దీపం లేని సైకిలెక్కి చీకట్లో దూసుకొచ్చి, గాలిమర దగ్గర మలుపులో సైకిల్‌తో సహా కాలవలో పడ్డాడు.

ఆ రాసే ఆయన టీ ఒలకబోసుకునేంతగా నవ్వాడు. "తర్వాత?" అన్నాడు.

"తర్వాతేముందండీ, అందరూ తడిసి ముద్దయి ఇళ్లకెళ్లారు," అంది మ్యూరియల్.

పెర్సీ ఇంటికి వెళ్లలేదు. తెల్లారాక అతన్ని కాలవలోంచి తీశారు. ఎఫ్రాయిమ్‌కి ప్రాణస్నేహితుడు. యుద్ధం గెలిచిన రోజు ఊరంతా బతిమాలినా ఎఫ్రాయిమ్ మళ్లీ ఆ తాడు ముట్టలేదు. ఇప్పటికీ ఆదివారం గంటలు మొదలవగానే లేచి కిటికీ మూసేస్తాడు. ఇదంతా మ్యూరియల్‌కి తెలుసు. అంత పెద్దమనిషి తన మాటలకి అంతలా నవ్వుతుంటే, చివరి ముక్క చెప్పబుద్ధి కాలేదు. అంతే.

ఆకులు రాలే కాలం వచ్చింది. ఓ శుక్రవారం నాటకం అయిపోయాక, వచ్చే వారం భాగంలోంచి ఓ తునక చూపించారు. అందులో ఒక గోపురం, ఒక గంట. ఆ వారమంతా మ్యూరియల్ దుకాణంలో కేకులన్నీ మాడిపోయాయి. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

మా ఇంట్లో టీవీ లేదు. బిస్కట్ల డబ్బా పట్టుకుని ప్రతి శుక్రవారం మ్యూరియల్ వాళ్లింటికే వెళతాను. ఆ రోజు వెళ్లేసరికి ఎఫ్రాయిమ్ మొహం వేలాడేసుకుని కుర్చీలో ఉన్నాడు.

"చచ్చిందమ్మా ఈనిడ్, టీవీ చచ్చింది. వారమంతా దీనికోసమే కదా బతికేది!" అన్నాడు నన్ను చూసి.

"సోమవారం మనిషొచ్చి బాగుచేస్తాడులే నాన్నా," అంది మ్యూరియల్ నా వైపు చూడకుండా.

నాకు తెలివెక్కువ కదా. మా దగ్గర ప్రతి ప్లగ్గు లోపలా ఓ చిన్న ఫ్యూజుంటుంది. టీవీ ప్లగ్గు ఊడదీసి చూశాను. "ఇందులో ఫ్యూజే లేదు! దెయ్యాలెత్తుకెళ్లాయా?" అని, వంటింట్లో కెటిల్ ప్లగ్గులోని ఫ్యూజు పీకి తెచ్చి దీనికి పెట్టాను. బొమ్మ వచ్చింది. ఎఫ్రాయిమ్ చప్పట్లు కొట్టాడు. మ్యూరియల్ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, ఏప్రన్ జేబులోంచి ఫ్యూజు తీసి చూపించి, ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఇప్పుడా చెప్పేది, మహాతల్లీ! వెళ్లి కట్టెయ్."

"ఏమని చెప్పి కట్టెయ్యను? నిన్నూ, చచ్చిపోయిన నీ స్నేహితుణ్నీ నేనే నవ్వులపాలు చేశానని చెప్పనా?"

ముందుగదిలోంచి నవ్వులు వినిపించాయి. స్టూడియోలో కూర్చున్న జనం నవ్వులవి. ఇద్దరం పరుగెత్తాం.

గంట మోగుతోంది. తీగ మీద దుప్పట్లు ఊగుతున్నాయి. పారలు పట్టుకున్న ముసలాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎఫ్రాయిమ్ నవ్వడం లేదు. ముందుకు వంగి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని చూస్తున్నాడు. మ్యూరియల్ ఆయన వెనక నిలబడి "నాన్నా" అంది. ఆయనకి వినపడలేదు. తెరమీద రొట్టెలవాడు సైకిలెక్కాడు. మలుపు వచ్చింది. దభీమని నీళ్లలో పడ్డాడు. జనం విరగబడి నవ్వారు. మ్యూరియల్ కళ్లు మూసుకుంది. నాకు అక్కణ్నించి పారిపోవాలనిపించింది.

నీళ్లు కదిలాయి. తలమీద నాచుతో రొట్టెలవాడు లేచి నిలబడ్డాడు. "ఏ వెధవరా ఆ గంట కొట్టింది?" అని అరుస్తూ గట్టెక్కి, తడి టోపీ తీసుకుని గంట కొట్టినవాణ్ని వీధంతా తరిమి తరిమి బాదాడు.

"లేచాడు," అన్నాడు ఎఫ్రాయిమ్. ఆయన చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి. "చూశావా అమ్మడూ? పెర్సీ లేచాడు. తిట్టాడు కూడా. వాడొక్కసారి నన్ను తిడితే చాలనుకున్నానే, ఇన్నేళ్లూ."

మ్యూరియల్ వచ్చి ఆయన కుర్చీ పక్కన కూలబడింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఆ రాసేవాడు నీ దుకాణానికి వచ్చాడన్నావు కదూ? నువ్వే చెప్పుంటావు. వాణ్ని లేపమని నువ్వే అడిగుంటావు. అవునా?"

ఆమె నా వైపు చూసింది. నేను బిస్కట్ల డబ్బా వైపు చూశాను.

"అవును నాన్నా," అంది.

ఎఫ్రాయిమ్ ఆమె చేతిని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆమె విడిపించుకోవాలని చూసింది. ఆయన వదల్లేదు.