పట్టని బోర్డు

ఇంట్లో ఇడ్లీలూ క్యారియర్లూ అత్తగారి బీపీ మాత్రా అన్నీ ముగించుకుని, పదింటికి షట్టరెత్తి, కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె కోసింది పూర్ణిమ. మొదటి మదర్‌బోర్డు చేతిలోకి తీసుకుంది. కళ్ళకే తెలిసిపోతోంది, పెద్దది. అయినా సొరుగులోంచి జాకెట్ల కొలతల టేపు తీసి పెట్టి చూసింది. తొమ్మిదిన్నర అంగుళాల పైమాటే. గోడవార వారం నుంచి పేర్చి ఉన్న బుల్లి కంప్యూటర్ క్యాబినెట్లలో పట్టేది ఏడంగుళాల లోపు బోర్డు. ఒక్కటైనా చిన్నది వచ్చి ఉంటుందేమోనని పిచ్చి ఆశతో మిగతా ఏడూ విప్పింది. ఎనిమిదికి ఎనిమిదీ అవే.

నరసరావుపేటలో ఆ షాపు పేరు సుమన్ కంప్యూటర్స్. సుమన్ ఆమె మొగుడు. బిల్లు పుస్తకం మీద పేరు ఆయనది, స్క్రూడ్రైవర్ పట్టుకునే చెయ్యి ఈమెది. పెళ్ళైన కొత్తల్లో, ఆయన భోజనానికి వెళ్ళొచ్చేదాకా కౌంటర్లో కూర్చోమన్నారు. కూర్చుని కూర్చుని, చూసి చూసి, విప్పడం బిగించడం నేర్చేసుకుంది. తొమ్మిదేళ్ళు గడిచాయి, ఇప్పుడు కంప్యూటర్లన్నీ తయారయ్యేది ఆమె చేతిమీదే. జీతం మాట అడక్కండి. ఇంటి మనిషికి జీతమేందని అత్తగారు కన్యకాపరమేశ్వరి ఎప్పుడో తేల్చేసింది. వచ్చిన వాళ్ళు ఆమె మొహంలోకి చూస్తూనే "ఎవరూ లేరా అమ్మా?" అంటారు. వస్తారండీ, కూర్చోండి అని ఆమే కుర్చీ చూపిస్తుంది. ఇన్ని ఉన్నా, ఆ రిపేరు బల్ల దగ్గర కూర్చున్నంతసేపే తానూ ఒక మనిషినన్న సంగతి ఆమెకు గుర్తుంటుంది. అందుకే ఆ బల్ల పోతుందేమోనని భయం. పోయిన నెల ఒక కీబోర్డు మారిపోయి వేరే వాళ్ళకి వెళ్ళినప్పుడు సుమన్ చెప్పేశాడు, ఇంకొక్క తప్పు జరిగిందా, షాపు గడప తొక్కేది లేదు, ఇంట్లో అమ్మకి తోడుండు అని.

ఇప్పుడు ఒక్కటి కాదు, ఎనిమిది జరిగాయి. ఇవి త్రికోటేశ్వరరావు గారి రక్తపరీక్షల ల్యాబుకి. సోమవారం ఉదయం ప్రారంభం, కార్డులు కూడా పంచేశారు. కౌంటర్లు ఇరుకని ఆయనే కోరి చిన్న క్యాబినెట్లు తెప్పించుకున్నాడు. సాయంత్రం చూసుకోవడానికి వస్తానని పొద్దున్నే కబురుపెట్టాడు.

నిజానికి ఆమె ఆర్డరు చీటీలో రాసింది సరిగ్గానే రాసింది. మినీ ఐటీఎక్స్ సైజు బోర్డులు, ఎనిమిది. అయిదు రోజుల కింద, మధ్యాహ్నం భోజనాల దగ్గర, సుమన్ ఆ చీటీ ఎడంచేత్తో అందుకుని చూసి నవ్వాడు.

"మినీ ఏందే? మైక్రో పెట్టు. మైక్రో అంటేనే అన్నిటికన్నా చిన్నది. ఆ మాత్రం తెలియకుండానే షాపు పెట్టానా నేను?"

ఈ బోర్డులకి పేర్లు పెట్టినవాడెవడో గానీ, వాడి లెక్క మన లెక్క కాదు. మైక్రో అనేది ఏటీఎక్స్ అనే పెద్ద సైజుల కుటుంబంలో చిన్నది. మినీ ఇంకో కుటుంబం, ఐటీఎక్స్ అనే చిన్న సైజుల వాళ్ళది. అందుకే మినీ కంటే మైక్రోనే పెద్దది. పూర్ణిమకి ఇది తెలుసు. క్యాబినెట్ డబ్బా మీద కూడా మినీ అనే ఉందండీ అని మెల్లిగా అంది. సుమన్ కంచం ముందుకి నెట్టేశాడు, పెరుగన్నం కలిపింది కలిపినట్టే ఉంది. "తినేటప్పుడే గుర్తొస్తాయా నీకియ్యన్నీ?" అంది అత్తగారు. కంచం తీసి, మెతుకులు ఎత్తి, నేల తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి పూర్ణిమ ఫోన్ తీసింది. షాపు ఆర్డర్లన్నీ టైపు చేసేది ఆమే, వెళ్ళేది ఆమె నంబరు నుంచే. మినీ చెరిపి మైక్రో అని కొట్టి గుంటూరు షాపుకి పంపేసింది.

ఇప్పుడు ఆ మెసేజీ ఆమె ఫోన్లో ఉంది, ఆమె పంపినట్టే ఉంది. గుంటూరు హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేసింది. మినీలు ఎనిమిది ఉన్నాయట, రేపు పొద్దుటి బస్సులో వేస్తారట, కానీ సార్‌తో ఒక్కమాట చెప్పించమన్నారు. సార్ గురజాల వెళ్ళాడు, ఏదో స్కూల్లో ప్రింటర్ పనిమీద. మూడుసార్లు నంబరు నొక్కబోయి ఆగింది. ఫోన్లో ఆయన గొంతు పైకి లేస్తే వెన్నులోంచి వచ్చే వణుకు ఆమెకు బాగా తెలుసు. తెచ్చుకున్న క్యారియర్ మూత తియ్యలేదు. బయట ఏ బండి ఆగినా లేచి గుమ్మం వైపు చూసేది. కొట్టడు సుమన్, ఆ మాట నిజమే. కొట్టకుండానే ఒక మనిషిని ఇంతగా భయపెట్టొచ్చని ఎవరికైనా చెబితే, నీకేం తక్కువమ్మా అంటారు.

అయిదున్నరకి ఇద్దరూ ఒకేసారి వచ్చారు. త్రికోటేశ్వరరావు గారు బల్లమీద పరిచిన బోర్డుల్నీ, గోడవార క్యాబినెట్లనీ మార్చి మార్చి చూసి, ఇదేంది సుమనూ, ఇది దీన్లో ఎట్టా పట్టుద్ది అన్నాడు. సుమన్ చూశాడు. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది ఆయనకి, అది పూర్ణిమ కళ్ళారా చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే నవ్వేశాడు.

"మా ఆవిడ చేసిన పని అన్నా ఇది. ఆర్డర్ ఈమే పెట్టింది, కావాలంటే ఫోన్ చూడు. ఆడోళ్ళ చేతికిస్తే ఇట్టాగే ఉంటది. రేపటినుంచి ఇంట్లోనే ఉంటదిలే."

పూర్ణిమ బల్ల అంచు పట్టుకుంది. ఊరుకుంటే ఈ పూటకి గడిచిపోతుంది, రేపటి నుంచి బల్ల ఉండదు. నోరు తెరిస్తే ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఊహకే అందడం లేదు. భయం పోయాక మాట్లాడదామని తొమ్మిదేళ్ళు ఆగింది. అది పోయేది కాదని ఇప్పుడు తెలిసింది. ఆ భయంతోనే నోరు తెరిచింది.

"అవునన్నయ్యా, తప్పు నాదే. మినీ అని సరిగ్గా రాసి, ఈయన మైక్రో అంటే, అది పట్టదని తెలిసీ భయపడి పంపించా. ఆ తప్పు ఇంకెప్పుడూ చెయ్యను."