కొనేవాడి మట్టి, ఉండేవాళ్ళ మట్టి

మా పోరాటం అసూయతో మొదలైంది, మిత్రులారా. మట్టిని చూసి కుళ్ళుకున్నాం మేము. నవ్వకండి.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆండర్సన్‌పేట దాటాక, సైనైడ్ దిబ్బ కింద గని కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్ళు ఉన్నాయి. సైనైడ్ కలిపి బంగారం తీసేసిన రాతిపిండిని అక్కడే కుప్ప పోశారు. గని మూతపడింది, దిబ్బ మిగిలింది. గాలి లేస్తే ఆ తెల్లదుమ్ము మా అన్నంలో పడుతుంది. మా నాయన మారప్ప సొరంగంలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. ఒక్క దొర కూడా ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూడలేదు.

అట్లాంటి చోటికి బెంగళూరు నుంచి జీపులొచ్చాయి. మా ఇళ్ళ పక్కనున్న బయలును ఒక కంపెనీ కొంటుందట. ఆ నేలలో విషం ఉందో లేదో పరీక్ష చేయించనిదే బ్యాంకు అప్పివ్వదట. మాస్కులు, చేతి తొడుగులు వేసుకున్న మనుషులు బోరు దించి మట్టి తీశారు. గాజు సీసాల్లో నింపి, మూతలు బిగించి, ఐసు పెట్టెలో సర్దారు. పురిటిబిడ్డను కూడా అంత పదిలంగా ఎత్తుకోరు. కంచె ఇవతల దుమ్ములో నిలబడి చూస్తుంటే నా కడుపు మండిపోయింది. మనిషి పోతుంటే రాని డాక్టరు మన్నుకు వచ్చాడే!

నేను రోజూ రైల్లో బెంగళూరు గార్మెంట్సుకు పోయివచ్చే దాన్ని, యూనియన్‌లో ఉన్నదాన్ని. అయినా అసూయ అసూయే.

సాయంత్రానికి అది ఇంకో దారి పట్టింది. వాళ్ళు కంచె దాటి మా లైనులోకి వచ్చి, పక్కింటి మార్గరెట్టక్క వాకిట్లో చిన్న నారింజరంగు జెండా పాతిపోయారు. ఇంకొకటి మా లైనులోనే ఉండే శివరాజ్ ఇంటి గోడ పక్కన. మర్నాడు అక్కడ మట్టి తీస్తారట. అంతే, కొళాయి దగ్గర నోళ్ళు లేచాయి. జెండా పాతిన ఇళ్ళకే కంపెనీ పట్టా ఇప్పిస్తుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు, అందరూ నమ్మారు. ఆ ఇళ్ళు ఈనాటికీ మా పేరున లేవు మరి.

"నంగలి నుంచి మా తాత కాలంలోనే వచ్చినాము. మాకు లేని జెండా దీనికా?" అంది మా అమ్మ సొన్నమ్మ.

"నా వాకిలి చూసి నీకేల అంత మంట, సొన్నక్కా? నేనేమన్నా పిలిచి పాతించుకున్నానా?" మార్గరెట్టక్క బిందె దబ్బున దించింది.

"నీ ఏసు నీకొక్కదానికే చెప్పి పంపినాడేమో!"

తెల్లవారేసరికి మార్గరెట్టక్క జెండా మా వాకిట్లో ఉంది. శివరాజ్‌ది ఇంకెవరి గడప ముందో ఉంది. బయల్లో వాళ్ళు ముందే పాతిన జెండాలు కూడా ఒక్కటీ మిగల్లేదు, అన్నీ మా ఇళ్ళ ముందుకొచ్చేశాయి. మా వాకిట్లో జెండా చూసి నాకూ సంతోషమే అయింది.

మట్టి తీసేవాళ్ళ ఇంజనీరు వసంత్ వచ్చి తల పట్టుకున్నాడు. "ఎవరమ్మా ఇవన్నీ మార్చింది?"

"మా మన్ను కూడా తీసుకో సారూ," అంది అమ్మ. "వాకిలి ఎంత బాగుండాదో చూడు. దిబ్బ ఇసక మోసుకొచ్చి నేనే మెత్తినాను. గిన్నెలూ దాంతోనే తోముతా, తళతళలాడతాయి."

మా లైనులో అందరిదీ అదే పద్ధతి. వాకిలి పల్లమైతే దిబ్బ మట్టి, గోడ పగిలితే దిబ్బ మట్టి. వద్దని చెప్పినవాడు లేడు.

వసంత్ వెనక్కి జరిగి మాస్కు పైకి లాక్కున్నాడు. "అమ్మా, జెండా బహుమానం కాదు. విషం ఉంటుందని అనుమానం వచ్చిన చోట పాతుతాము. దిబ్బ నుంచి అది ఎంత దూరం వచ్చిందో కంపెనీకి చెప్పాల."

మా చెల్లెలు సవిత తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. గడపలో కూర్చున్నదల్లా కాళ్ళు వాకిట్లోంచి లోపలికి తీసుకుంది. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"విషం ఉంటే మాకు చెప్తారా?" అని అడిగాను.

"రిపోర్టు కంపెనీకి, బ్యాంకుకే ఇస్తాము. బయట చెప్పే హక్కు నాకు లేదు."

"ఉండాదని తేలితే వాళ్ళేం చేస్తారు?" అంది మార్గరెట్టక్క.

"కొనరు. లేదంటే పైమట్టి తీయించి, కొత్తమట్టి పోయించి కొంటారు."

కొనేవాడు వద్దనుకుంటే వెళ్ళిపోవచ్చు. కొంటే వాడికి కొత్తమట్టి. ఆ కొత్తమట్టి మీద, అది పోయించుకునే వాడి మీద నాకు పుట్టిన అసూయను ఏ పేరు పెట్టి పిలవాలో నాకింకా తెలియదు.

అమ్మ జెండా పీకి మార్గరెట్టక్క దగ్గరికి నడిచింది. "నీది ఎత్తుకొచ్చినాను. తిట్టవే నన్ను."

"ఇంగ తిట్టాల్సింది నిన్ను కాదు, సొన్నక్కా."

ఇద్దరూ పోయి జీపు ముందు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. లైనంతా వచ్చింది. ప్రతి వాకిట్లో మట్టి తియ్యాలి, ఏముందో మాకు చెప్పాలి, అప్పటిదాకా జీపులోని ఐసు పెట్టె కదలదు అన్నాం.

శివరాజ్ మాత్రం ఎగిరిపడ్డాడు. "కంపెనీ వస్తే మనకు పనులొస్తాయి. రైల్లో వేలాడే బాధ తప్పుతాది. చెడగొట్టొద్దండి!"

"పని చేసేదానికి మనిషి బతకల్ల గదా, అన్నా," అంది సవిత గడపలోంచి. శివరాజ్ తువ్వాలు దులిపి, మా పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి కంపెనీ మేనేజరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. "మీ ఇళ్ళకు పరీక్షలెందుకు? మీరేమన్నా కొంటున్నారా?" అన్నాడు.

"కొనేవాళ్ళం కాదు సారూ, ఉండేవాళ్ళం!" అని మార్గరెట్టక్క గట్టిగా అరిచింది. ఆ మాటను లైనంతా అందుకుంది.

పోలీసులు అమ్మనూ మార్గరెట్టక్కనూ నన్నూ ఈడ్చి వ్యానెక్కించారు, మిగతావాళ్ళను పక్కకు నెట్టేశారు. జీపు ముందు ఖాళీ అయిందనుకుని డ్రైవరు బండి స్టార్టు చేశాడు. అప్పుడు సవిత నడుం పట్టుకుని మెల్లగా వచ్చి, అమ్మ లేచిన చోటే కూర్చుంది. కేకలు విని పక్కలైను ఆడవాళ్ళు కూడా పరుగున వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు.

"లేమ్మా, కడుపుతో ఉన్నావు," అన్నాడు ఎస్సై.

"అందుకే కూర్చున్నాను సారూ," అంది సవిత.