దిష్టి తీగ

సతీష్‌బాబుకి కారు మీద ఉన్న ప్రేమలో కాస్త మనుషుల మీద కూడా ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

జగ్గయ్యపేట దాటి గరికపాడు వెళ్ళే దారిలో గ్యాసు పైపులైను వేస్తున్నారు. పైపుల అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో ఫొటో తీసి చూపించే కాంట్రాక్టు అతనిది. ఆ ఫొటో తీసేది పెళ్ళిళ్ళ కెమెరా కాదు. బరువైన ఇనప పెట్టె, దాని కడుపులో జానెడు తీగ, ఆ తీగ కొసన బియ్యపుగింజంత లోహం. దాన్ని సోర్సు అంటారు. పెట్టెలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. బయటపడిందా, కంటికి కనపడకుండా, వాసనైనా తగలకుండా ఒంట్లోకి దూరి రక్తాన్ని పాడుచేస్తుంది. పెట్టెలో ఆ తీగని పట్టుకునే కొక్కెం అరిగిపోయిందని సతీష్‌బాబుకి తెలుసు. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు. ఎవరికెంత రేడియేషన్ తగిలిందో చెప్పే బ్యాడ్జీలు ఛాతీకి తగిలించుకోవాలనీ తెలుసు. అందరివీ, తనదీ కలిపి సొరుగులో పెట్టి తాళం వేశాడు. సొరుగుకేం తగులుతుంది? ప్రతిసారీ సున్నా అని రిపోర్టు వచ్చేది. ఎంత తెలివో చూడండి!

కొత్త కారు వచ్చిన రోజు సాయంత్రం, పని ముగిశాక మోజెస్‌ని పిలిచాడు. మోజెస్‌ది పెనుగంచిప్రోలు. పైపులు మోయడానికి వచ్చినవాణ్ణి సతీష్‌బాబే కెమెరా పనిలోకి లాగాడు. పెట్టె మోయడం, ఫొటో తీసేటప్పుడు తీగ పోయొచ్చే గొట్టాలు దులిపి చుట్టడం నేర్పాడు. సోర్సు ఎలా ఉంటుందో మాత్రం ఒక్కనాడూ చూపించలేదు.

"ఒరే, కారుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టు. దిష్టి తగులుద్ది."

"మేం చర్చికెళ్ళేవాళ్ళం సార్. అయ్యన్నీ నాకేం తెలుసండీ?"

"మీ ఏసయ్య ఏమనుకోడులే, కట్టు. బంపరుకి మాత్రం కట్టమాకు, గీత పడుద్ది. లోపల అద్దానికి కట్టు."

"దారం లేదండీ."

"దారం కూడా నేనే తేవాలంట్రా? ఏదో ఒకటి చూసి తగలెయ్!"

కాసేపటికి అద్దం కింద నిమ్మకాయలు ముచ్చటగా వేలాడాయి. సతీష్‌బాబు నందిగామ ఇంటికెళ్ళి, ఎనిమిదో తరగతి చదివే కూతురు లహరిని ముందు సీట్లో ఎక్కించుకుని, పరిటాల ఆంజనేయస్వామి దగ్గర బండి పూజ చేయించాడు. హైవే మీద లారీలు ఆగిపోయి, తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. దారి పొడుగునా లహరి ఆ నిమ్మకాయల్ని వేలితో ఊపుతూనే ఉంది. ఇంటికొచ్చాక పిల్ల వాంతి చేసుకుంది. తనకీ వికారంగానే ఉంది. దారిలో తిన్న మిరపకాయ బజ్జీల పనేనని ఇద్దరూ సోడా తాగి పడుకున్నారు.

మర్నాడు సైటులో ఫొటోలు తెల్లగా వచ్చాయి. పెట్టె విప్పితే సోర్సు లేదు. సతీష్‌బాబు గబుక్కున పెట్టె మూసేశాడు. విషయం బయటికి పొక్కితే లైసెన్సూ పోతుంది, తనూ లోపలికి పోతాడు. తను ఆఫీసు గదిలో తలుపేసుకుని, రేడియేషన్ పసిగట్టే మీటరు మోజెస్ చేతికిచ్చి వెతకమన్నాడు. ఎంత మంచి యజమాని!

కాసేపటికి మోజెస్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "దొరికిందండీ. పైపుల కాడ దుమ్ములో. తీసి పెట్టెలో పడేశా." అప్పుడతని మొహంలో నెత్తురు చుక్క లేదు. సతీష్‌బాబు మొహం చూడలేదు, పెట్టె చూసుకున్నాడు.

పది రోజులు తిరక్కుండా మోజెస్ వేళ్ళు ఎర్రబడి బొబ్బలెక్కాయి. "నూనె పడిందని చెప్పు. నిజం చెప్పావో, నీకు ఈ జిల్లాలో పని దొరకనివ్వను" అన్నాడు సతీష్‌బాబు. ఈలోగా పైపులైను వాళ్ళలో ఎవరో ఫిర్యాదు చేశారు. దొరికిన సోర్సు పట్టుకున్న మనిషి రక్తం పంపమని పైనుంచి ఆర్డరొచ్చింది. బ్యాడ్జీనైతే సొరుగులో పెట్టొచ్చు, రక్తాన్ని ఎక్కడ పెడతాడు?

దానికీ దారి కనిపెట్టాడు మహానుభావుడు. మోజెస్ పేరు రాసిన ట్యూబు పట్టుకుని, నందిగామలో తనని ఎరగని ల్యాబుకి వెళ్ళాడు. "పేరు మోజెసండీ" అని తన చెయ్యే చాపాడు. తను ఆ సోర్సు ఛాయలకి పోనేలేదు కదా, తన రక్తం కడిగిన ముత్యం. రిపోర్టు సున్నా వస్తుంది, గొడవ వదిలిపోతుంది. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంట్లో లహరి చూపుడువేలు చూపించింది. "ఎర్రగా అయింది నాన్నా, మంట."

"చీమ కుట్టిందేమోలే. పసుపు రాసుకో" అని టీవీ పెట్టుకున్నాడు.

రక్తం రిపోర్టు వచ్చిన రోజు పెద్ద ల్యాబు నుంచి డాక్టర్ రాజ్యశ్రీ ఫోన్ చేసింది. మోజెస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని సతీష్‌బాబు స్పీకర్ పెట్టాడు. అంతకుముందే పాఠం చెప్పాడు: "ఏమడిగినా నేనొక్కణ్ణేనండీ, పక్కన ఎవరూ లేరండీ అను. మరో మాట మాట్లాడమాక."

"మోజెస్ గారూ, మీ రక్తంలో తెల్లకణాలు చూశాం" అందావిడ. "వాటిలో క్రోమోజోములని ఉంటాయి. ఒక్కోదానికి ఒకటే నడుము ఉండాలి. రేడియేషన్ తగిలితే అవి తెగిపోయి తప్పుగా అతుక్కుంటాయి, రెండు నడుములవి పుడతాయి. అలాంటి అతుకులెన్నో లెక్కపెడితే ఒంటికెంత తగిలిందో తెలుస్తుంది. మీవి చాలా ఉన్నాయి."

జీవితమంతా ఇనుములో తప్పుడు అతుకులు పట్టుకుని బతికిన సతీష్‌బాబుకి వెంటనే అర్థమైంది. మీవి అంటే మోజెస్‌వి కావు, తనవి.

"ఇంకో సంగతండీ. సోర్సుని పట్టుకుని వెంటనే పెట్టెలో వేశానని రాశారు. అలాగైతే చేతులు కాలతాయి గానీ రక్తం ఇంత పాడవదు. ఇది దాని పక్కన గంటలకొద్దీ కూర్చున్న మనిషి రక్తం. ఎక్కడ కూర్చున్నారు?"

సతీష్‌బాబు ఫోన్ మ్యూట్‌లో పెట్టాడు. "అది ఎక్కడ దొరికిందిరా? నిజం చెప్పు!"

మోజెస్ ఏడ్చేశాడు. "మీ కారులోనండీ. దారం లేకపోతే, గొట్టం దులిపినప్పుడు పడ్డ తీగ మెత్తగా ఉంది కదాని నిమ్మకాయలకి గుచ్చానండీ. అదేంటో నాకు తెలీదు సార్. పొద్దున్నే మీటరు మీ కారు కాడ కూతేసింది. చెబితే చంపేస్తారని దుమ్ములో దొరికిందన్నా. మా పిల్లల మీద ఒట్టండీ!"

సతీష్‌బాబు కళ్ళముందు ఇప్పుడు ఉన్నది అద్దం కింద ఊగే నిమ్మకాయలు. వాటిని ఊపుతున్న వేలు.

"హలో, వినిపిస్తోందా?" అంటోంది డాక్టరు. "భయపడకండి. మీతో పాటు దాని దగ్గర ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి. ముఖ్యంగా పిల్లలు. వాళ్ళ రక్తం కూడా చూసి వెంటనే వైద్యం మొదలెట్టాలి. ఆలస్యమైతే మా చేతుల్లో ఉండదు."

మ్యూట్ తీశాడు. ఒక్క పేరు చెప్పాలి, అంతే. ఆ పేరు చెబితే కారు సంగతి చెప్పాలి. కారు సంగతి చెబితే ఆ రక్తం ఎవరిదో చెప్పాలి. ఆపైన జైలు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

మోజెస్ అతని వంక చూశాడు. పెదాలు కదలడం చూసి, తనకి పాఠం గుర్తుచేస్తున్నారనుకున్నాడు పాపం.

"నేనొక్కణ్ణేనండీ" అన్నాడు ఫోన్‌కేసి వంగి. "పక్కన ఎవరూ లేరండీ."

"ఖాయమేనా?"

గది నిశ్శబ్దంగా ఉంది. సతీష్‌బాబు దాన్ని అలాగే ఉండనిచ్చాడు.

"ఖాయమండీ" అన్నాడు మోజెస్.

"సరే, మంచిది. రేపే వచ్చి ఆసుపత్రిలో చేరండి" అని ఆవిడ పెట్టేసింది. నంబరు ఫోన్‌లో వెలుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కితే చాలు. సతీష్‌బాబు జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంటి తలుపు లహరే తీసింది. చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. గుడ్డ తడిసింది. దువ్వెన చేతిలో ఉంది, దాన్నిండా జుట్టు.

"నాన్నా, బొబ్బ పగిలింది. ఇది చీమేనంటావా?"

అతను పిల్ల మొహం చూడకుండా చెప్పులు విప్పుకున్నాడు.

"చీమేనమ్మా" అన్నాడు. "కాస్త పసుపు రాసుకో."